చుక్క చుట్టూ పెట్టె

మా పిన్నిని మీకు చూపించకపోతే నాకు కుదురుండదు. నిజం, ఒక్కసారి వచ్చి ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, చాలు. పెద్ద గొప్ప మనిషేం కాదు. పేపర్లో ఫోటో పడలేదు, పడదు కూడా. కళ్ళజోళ్ళకి అద్దాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో, ముందు గదిలో, కంప్యూటర్ దగ్గర ఉద్యోగం. కానీ ఆవిడ కంప్యూటర్‌కి పని చెప్పే స్క్రిప్టు రాస్తుంటే చూడాలి. చకచకా టైపు చేస్తూ చేస్తూ, ఎక్కడైనా చుక్క పెట్టాల్సి వస్తే చెయ్యి ఆగిపోతుంది. గుమ్మం దాటే ముందు గ్యాసు కట్టేశామా అని వెనక్కి చూస్తామే, అచ్చం అలా. ఆ చుక్కకి అటొకటి ఇటొకటి చదరపు బ్రాకెట్లు పెడుతుంది. పెట్టి, పైన ఒక వరుస మామూలు మాటల్లో రాస్తుంది: "ఇది నిజం చుక్క. ఇంకేమీ కాదు."

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటుంటే, "ఇలా పడి ఉంటే బూజు పడతావే, నాతో రా, నాలుగు ముక్కలు నేర్చుకుందువు" అని పిన్నే లాక్కెళ్ళింది. మొదటి వారమే నాకు ఆ బ్రాకెట్లు చాదస్తంలా అనిపించాయి.

"పిన్నీ, చుక్క ముందు వెనక్కి వాలిన గీత ఒకటి పెడితే సరిపోతుంది కదా. కాలేజీలో మేమంతా అలాగే రాసేవాళ్ళం."

"రాస్తారు. ఆ గీతని దారిలో ఎవరైనా మింగేస్తే? ఒకచోట ఒక గీత చాలదంటారు, ఇంకోచోట రెండు కావాలంటారు. పెట్టెలో పెట్టి మూతేసినదాన్ని ఎవరూ మింగలేరు."

"అంత భయమా చుక్కంటే?"

పిన్ని నవ్వలేదు. మామూలుగా నా మాట మాటకీ రెండు చురకలు వేసే మనిషి. "నీకు తెలీదులేవే" అని మళ్ళీ టైపు చేసుకుంది.

ఆ వర్క్‌షాపు గురించి చెప్పాలి. కింద బట్టలు ఇస్త్రీ చేసే షాపు, పైన మాది. ముందు గదిలో కంప్యూటరూ, చీటీలు ముద్రించే బుల్లి ప్రింటరూ, ఓనరు గారి బల్లా. ప్లాస్టిక్ పట్టీల తెర తీసుకుని వెళ్తే వెనక గది. అక్కడ సాన మిషన్లు. రోజంతా నీళ్ళు కారుతుంటాయి, అద్దం అరిగిన తెల్లటి బురద ట్రేల కింద పేరుకుపోతుంటుంది. ఆర్డర్ చీటీ ట్రేలో పెట్టి లోపలికి పంపిస్తే, పని అయ్యేసరికి ఆ చీటీ కూడా నాని పిండై బురదతోపాటు డబ్బాలోకి పోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పిన్ని మొదట అక్కడ చేరింది టైపు చేయడానికే. కళ్ళజోళ్ళ షాపులు ఫోన్లో ఆర్డర్లు పంపుతాయి, ఆవిడ చూసి చీటీల మీద ఎక్కించాలి. చూసీ చూసీ మెడ పట్టేసి, వీడియోలు పెట్టుకుని సొంతంగా పైతాన్ అనే ప్రోగ్రాం భాష నేర్చుకుంది. వంటింట్లో పప్పు కుక్కర్ కూతల మధ్య! బాబాయ్ ఇప్పటికీ ఆటపట్టిస్తాడు, "మీ పిన్ని పుణ్యమా అని ఆ ఏడాది మాడని కూర తినలేదు" అని. మెసేజు వస్తే దాన్నే చదివి, పవర్ ఎంతో పట్టుకుని, చీటీ కొట్టే స్క్రిప్టు రాసేసింది. ఓనరు గారు ఉబ్బిపోయి, వచ్చిన ప్రతివాడికీ పెళ్ళికూతుర్ని చూపించినట్టు ఆ ప్రింటర్‌ని చూపించేవాడట.

అలా అక్షరాల రాశిలోంచి కావలసిన ముక్కని పట్టుకునే సూత్రాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. నోరు తిరగని పేరెందుకని పిన్ని జల్లెడ అంటుంది. దీంతో చిక్కేమిటంటే, జల్లెడలో కొన్ని గుర్తులు రెండు బతుకులు బతుకుతాయి. ప్లస్ అంటే మనకి ప్లస్సే. జల్లెడకి మాత్రం "ముందున్నది మళ్ళీ మళ్ళీ రావచ్చు" అని. చుక్క అంటే మనకి చుక్క. జల్లెడకి "ఇక్కడ ఏదొచ్చినా సరే, రానియ్యి" అని. అంకె వచ్చినా, గీత వచ్చినా, ఖాళీ వచ్చినా. అసలు చుక్క వచ్చినా.

"ప్లస్ మంచిది" అంటుంది పిన్ని. "ప్లస్ పవర్ కోసం దాన్ని జల్లెడ మొదట్లో పెట్టిన రోజే కంప్యూటర్ గయ్యిమని ఎర్రగా అరిచింది. వెంటనే దిద్దుకున్నా. చుక్క అరవదు. నవ్వుతూ పని చేసిపెడుతుంది. అదే భయం."

ఇక ఇంకో మనిషి గురించి చెప్పాలి. సాన మావయ్య. మాకు చుట్టమేం కాదు. వర్క్‌షాపులో అందరికీ మావయ్యే. పెద్ద సాన మిషను ఆయనది, అంటే అందరూ ఆయనదే అనుకునేవాళ్ళు. అద్దం బిళ్ళని అరగదీసేదీ ఆయనే, అయ్యాక పవర్ సరిచూసేదీ ఆయనే. నేను వెళ్ళేసరికి మాత్రం ఆయన మిషను దగ్గర లేడు. ముందు గదిలో కిటికీ పక్కన ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చుని, తయారైన కళ్ళజోళ్ళు మెత్తటి గుడ్డతో తుడిచి డబ్బాల్లో పెడుతున్నాడు. మిషను మీద ఓనరు గారి బావమరిది ఉన్నాడు. అతన్ని స్పీడు అంటారు, ఎందుకో అతని పని చూసినవాళ్ళెవరికీ అర్థం కాదు.

నేను వెళ్ళిన రోజే సాన మావయ్య పలకరించాడు. "ఏం తల్లీ, మీ పిన్నికి తోడా, కాపలానా?"

"నేర్చుకోడానికి వచ్చా మావయ్యా."

"నేర్చుకో నేర్చుకో. మీ పిన్ని దగ్గర తప్పుపోదు ఏదీ. మా స్పీడు దగ్గర నేర్చుకుంటే మాత్రం టీ తాగడం బాగా వస్తుంది."

లోపలి నుంచి స్పీడు గొంతు, "వినిపిస్తోంది మావయ్యా!"

"వినిపించాలనే కదరా అంది!"

ఇంత సరదా మనిషి ప్రతి డబ్బానీ మూత పెట్టాక మళ్ళీ తెరిచేవాడు. తెరిచి, ఫ్రేము నంబరు చూసి, చీటీ చూసి, మళ్ళీ ఫ్రేము చూసేవాడు. "దీన్ని తుడిచానా నేను?" అని గాలిని అడిగేవాడు. తుడిచారు మావయ్యా అని పిన్ని తల తిప్పకుండానే జవాబిచ్చేది. రోజూ మధ్యాహ్నం తన డబ్బాలోంచి కూర ముందు ఆయన గిన్నెలో వేసేది, తర్వాతే తను తినేది. టీ వస్తే మొదటి గ్లాసు ఆయనకే. ఆయన గుడ్డ మురికైతే ఉతికి తెచ్చేది. నేను అనుకున్నా, ఎంత మంచి మనసో మా పిన్నిది అని. బాబాయ్‌తో అన్నాను కూడా. బాబాయ్ ఏదో అనబోయి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఒకరోజు భోజనాల దగ్గర సాన మావయ్య ముద్ద కలుపుతూ ఆగిపోయి, "అమ్మాయ్, నాకో సాయం చేసి పెట్టాలి" అన్నాడు. పిన్నినే.

"చెప్పండి మావయ్యా."

"మా అన్నయ్య సంగతి నీకు చెప్పాను కదా. ముందు చిన్న చిన్నవే. జరగనిది జరిగినట్టు చెప్పేవాడు. లేదురా అన్నయ్యా అంటే, నేను కళ్ళారా చూశాను అని ఒట్టు పెట్టేవాడు. ఆఖర్న నన్నే ఎవరు నువ్వు అన్నాడు." ఆయన మామూలుగానే చెప్పుకుపోతున్నాడు, వానలు లేవు ఈసారి అన్నట్టు. "నాకూ మొదలైంది. మీ అత్తయ్యకి చెప్పలేదు. చెప్తే ఇప్పట్నుంచే ఏడుస్తుంది. నువ్వు రోజూ చూస్తుంటావు. ఇంకా ముదిరితే ముందు నాకు చెప్పు. మొహమాటపడకు. అందరూ అయ్యో పెద్దాయన అని దాచేస్తారు. నువ్వు దాచవు, అబద్ధం ఆడే రకం కాదు. అందుకే నిన్ను అడుగుతున్నా."

పిన్ని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "అలాంటిదేం లేదు మావయ్యా" అంది.

"ఇదిగో, అప్పుడే దాచేస్తున్నావు" అని నవ్వేశాడాయన. నవ్వి, తన గిన్నెలోంచి వడియం తీసి ఆవిడ డబ్బాలో వేశాడు.

పిన్ని లేచి చేయి కడుక్కోడానికి వెళ్ళింది. ఎంతసేపటికీ కుళాయి ఆగలేదు. నేను వెళ్ళి చూస్తే, కుళాయి తిప్పేసి, చేతులు దాని కింద పెట్టకుండానే నిలబడి ఉంది.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, నేను అడగకుండానే చెప్పింది. బస్సు ఎక్కితే పదినిమిషాల దారి. ఆ రోజు బస్సులన్నీ వదిలేసుకున్నాం.

జరిగింది ఇదీ.

షాపుల్లో కొందరు పవర్‌ని చుక్క పెట్టి రాస్తారు, 1.50 అని. కొందరు బద్ధకంగా చుక్క ఎగరగొట్టి 150 అని రాస్తారు. రెండూ ఒకటే. అందుకని పిన్ని స్క్రిప్టు ముందు చుక్క ఉన్న పవర్ కోసం చూస్తుంది: కొన్ని అంకెలు, ఒక చుక్క, తర్వాత రెండంకెలు. అలా కనిపిస్తే అలాగే తీసుకుంటుంది. కనిపించకపోతే, చుక్క లేదన్నమాట, వందతో భాగిస్తుంది. ఎంత చక్కగా ఉంది! ఆ చుక్కకి మాత్రం అప్పట్లో పెట్టె లేదు. ఒంటరి చుక్క. "ఏదొచ్చినా రానియ్యి" అనే చుక్క.

150కి ఏ ఇబ్బందీ లేదు. మూడే అంకెలు, జల్లెడకి నాలుగైనా కావాలి, అందులో నిలవదు. 10.50కీ ఇబ్బంది లేదు. ఎప్పుడో తప్ప రాని పదికి పైబడ్డ పవర్‌ని, చుక్క లేకుండా రాసే షాపువాడు రాస్తే? 1050. ఒకటి అంకె. సున్నా "ఏదొచ్చినా". ఆఖరి 50, రెండంకెలు. జల్లెడ సంబరంగా పట్టుకుని, ఆ సున్నాని చుక్క కింద జమకట్టి, చీటీ కొట్టి ఇచ్చింది: 1.50.

పదిన్నర పవర్ కావలసిన మనిషి ఒక టైలరమ్మ. ఉన్న జోడు విరిగిపోతే కొత్తదానికి ఆర్డరిచ్చింది. ఒకటిన్నర అద్దాలు వెళ్ళాయి. షాపువాడు "పవర్ తప్పు, మళ్ళీ పంపండి" అని అదే ఆర్డర్ ఇంకోసారి పంపాడు. అదే జల్లెడ, అదే చీటీ. మళ్ళీ ఒకటిన్నరే వెళ్ళింది. ఆవిడ కుట్టాల్సిన బట్టలు గుట్టపడి, కస్టమర్లు గుమ్మంలో నిలబడి తిడుతుంటే, షాపువాడు రెండు జోళ్ళూ పట్టుకుని వర్క్‌షాపుకి వచ్చేశాడు.

"సీసా అడుగులా ఉండాల్సిన అద్దం, ఉల్లిపొరలా పంపించారు! అదీ రెండుసార్లు! మీ సాన పట్టేవాడికి కళ్ళున్నాయా, కళ్ళజోళ్ళు మాత్రమే ఉన్నాయా?"

ఓనరు గారు కంప్యూటర్లో మెసేజు తీసి చూశాడు. 1050 అని స్పష్టంగా ఉంది. చీటీలు రెండూ ఎప్పుడో బురదలో కలిసిపోయాయి. సాన మావయ్యని పిలిచారు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, మెసేజు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"చీటీలో ఒకటిన్నర అనే ఉందండి. రెండోది జోడు తీసి తుడుచుకుని మరీ చూశాను. నాకు బాగా గుర్తు."

ఓనరు గారు పిన్ని వైపు తిరిగాడు. "ఏమ్మా, చీటీ తప్పు రావడానికి అవకాశం ఉందా?"

ఇక్కడే పిన్ని నడక ఆపేసింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టి తప్పుకోమన్నారు. తప్పుకోలేదు.

"నేనేమన్నానో తెలుసా? 'ఇన్ని వేల చీటీలు కొట్టిందండీ, ఒక్కటి తప్పు పోలేదు. మనిషి పొరపడతాడు గానీ మిషను పొరపడదు కదా మావయ్యా' అన్నా. నవ్వుతూ అన్నానే. వెళ్ళి చూసి చెప్తానండీ అన్నా సరిపోయేది. నా స్క్రిప్టుని నేను తెరిచి చూడను కూడా లేదు. నా బిడ్డని ఎవరో అన్నట్టు రోషం పొడుచుకొచ్చింది."

సాన మావయ్య ఆవిడ మొహం కాసేపు చూశాడట. తర్వాత, "అమ్మాయి చెప్పిందంటే అంతేలే" అన్నాడట. ఓనరు గారు ఆయన్ని పొమ్మనలేదు, దిగమనలేదు. ఆయనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. ఆ మాట విని వేరేవాళ్ళైతే సంతోషించేవాళ్ళు. ఆయన ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించి, "కళ్ళు బాగున్నాయంటే, పోయింది కళ్ళు కాదన్నమాట" అని వచ్చి ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చున్నాడు. లేనిది చూశాను, చూసినట్టు గుర్తుంది అంటున్నాను. అచ్చం అన్నయ్యలాగే, అనుకున్నాడు. కొన్నాళ్ళకి స్కూటరు అమ్మేశాడు. మనవరాలిని చేయి పట్టుకుని రోడ్డు దాటించడం మానేశాడు.

"నీకెప్పుడు తెలిసింది పిన్నీ?"

"వానాకాలంలో. ఆర్డర్లు లేక, కొత్త షాపు కోసం జల్లెడ సరిచేస్తూ, పరీక్షకి 1.50 కొట్టబోయి పొరపాటున చుక్క బదులు గీత పెట్టి 1-50 కొట్టా. తప్పని అరవాల్సింది పోయి, ఒకటిన్నర అని చీటీ ఇచ్చేసింది. వెంటనే 1050 కొట్టి చూశా."

రెండు బ్రాకెట్లు పెట్టింది. అంతే. దిద్దుబాటు అయిపోయింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక చెప్దామనుకుంది. అప్పుడు ఓనరు గారు ఎవరికో ప్రింటర్‌ని చూపిస్తూ, "మా అమ్మాయే రాసింది" అంటున్నాడు. మర్నాడు చెప్దామనుకుంది. మర్నాడు సాన మావయ్య పుట్టినరోజని స్వీట్లు తెచ్చాడు. ఆ తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు అనే భయం ఒకటి కొత్తగా పుట్టింది. అది రోజుకింత పెరుగుతూ వచ్చింది. బాబాయ్‌కి చెబితే, "పోనిద్దూ, ఆ వయసులో నీళ్ళలో చేతులు నానే బాధ తప్పింది, హాయిగా కిటికీ దగ్గర కూర్చున్నాడు" అన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్ళు లాగింది. మిషను ఆయనకి తిరిగి ఇవ్వమని ఓనరు గారిని బతిమాలింది కూడా. ఇస్తానన్నాడు. సాన మావయ్యే వద్దన్నాడు, "ఎవరి కళ్ళకో ఏదో చేస్తానమ్మా, వద్దు" అని. పైగా తన తరఫున మాట్లాడినందుకు ఆవిడకి దండం పెట్టాడు.

"కూర వేస్తే పాపం పోతుందనుకున్నానే" అంది పిన్ని. "ఎంత కూర వెయ్యాలి?"

"ఆ రోజు నీకు తెలీదు కదా పిన్నీ, కావాలని చేయలేదు కదా" అన్నా.

"ఆ రోజుది పొరపాటు. ఇన్నాళ్ళూ దాచింది పొరపాటు కాదు, దాన్నేమంటారో నాకు తెలీదు" అంది.

మర్నాడు పొద్దున్న వర్క్‌షాపు తాళం తీయగానే, స్పీడు రాకముందే, "మావయ్యా, ఒకసారి ఇలా రండి" అని కుర్చీ లాగి తన పక్కన వేసింది. ఆయన గుడ్డ భుజాన వేసుకుని వచ్చి కూర్చున్నాడు. నేను ప్రింటర్ పక్కన నిలబడ్డా.

పిన్ని చుక్క చుట్టూ ఉన్న బ్రాకెట్లు రెండూ తీసేసింది. 1050 అని కొట్టింది. ప్రింటర్ కర్రుమని చీటీ కక్కింది. నేను చింపి ఇచ్చా. పిన్ని దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"ఎంతుంది మావయ్యా?"

ఆయన దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా తెచ్చి చూశాడు. ఆమె మొహం చూశాడు. "నన్నడుగుతావేం అమ్మాయ్? నా చూపు నమ్మకు."

"ఎంతుందో చెప్పండి."

"ఒకటిన్నర."

"ఒకటిన్నరే" అంది పిన్ని. బ్రాకెట్లు మళ్ళీ పెట్టింది. అదే 1050 కొట్టింది. రెండో చీటీ వచ్చింది. 10.50.

ఆయన రెండు చీటీలూ రెండు చేతుల్లో పట్టుకుని మార్చి మార్చి చూశాడు. ప్రోగ్రాం గురించి ఆయనకి ఏం తెలుసు, పిన్నే కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి చూపించింది. ఈ చుక్క సున్నాని మింగింది, ఈ రెండు బ్రాకెట్లూ అప్పుడు లేవు, టైలరమ్మ ఆర్డర్ రెండుసార్లూ ఇలాగే వచ్చింది అని. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ చెప్పింది.

"మీరు చూసింది నిజం మావయ్యా. మీకు గుర్తున్నదే నిజం. మీ బుర్రకి ఏమీ కాలేదు. పొరపడింది నా మిషను. కాదు, నేను."

ఆయన మొహం చూడాల్సింది. ముందు నవ్వు వచ్చింది. పసిపిల్లాడి నవ్వు. "నేను చదివాను కదా! జోడు తుడుచుకుని చదివాను!" అని నా వైపు తిరిగి, "ఒకటిన్నర అని ఉంది తల్లీ, చెప్పాను కదా అందరికీ!" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. ఆ గుడ్డతోనే తుడుచుకున్నాడు, కళ్ళజోళ్ళు తుడిచే గుడ్డతో. "మీ అత్తయ్యకి చెప్పాలి. అయ్యో, ఆవిడకసలు ఈ భయమే తెలీదు కదా, ఏమని చెప్పను?" అని మళ్ళీ నవ్వాడు. అన్నయ్యని తలచుకున్నాడు. పిన్ని తల మీద చెయ్యి పెట్టాడు. నాకు హమ్మయ్య అనిపించింది, అయిపోయింది కథ, సుఖాంతం.

అప్పుడు ఆయన చెయ్యి తీసేసి, చీటీలు బల్ల మీద పెట్టి, మెల్లగా అడిగాడు.

"ఇది నీకెప్పుడు తెలిసింది అమ్మాయ్?"

నేను ఆయన వెనక నిలబడి ఉన్నా. పిన్ని చూపు ఆయన మీంచి నా మీదికి వచ్చింది. నేను కళ్ళతోనే చెప్పా. నిజంగా చెప్పా. "నిన్న అను. నిన్న రాత్రే అను." పెదాలు కూడా కదిపా. ఎవరికీ నష్టం లేదు కదా! ఆయనకి తన బుర్ర తనకి తిరిగొచ్చింది. ఆవిడ చేయాల్సింది చేసేసింది. ఒక్క చిన్న మాటతో ఇద్దరూ ఎప్పటిలా కలిసి భోజనం చేయొచ్చు.

"వానాకాలంలో" అంది పిన్ని.

కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. ఆయన ఆ ఎండని చూశాడు. ఆలోచిస్తున్నాడని తెలుస్తోంది. వానాకాలం నుంచి ఇప్పటిదాకా ఎన్ని మధ్యాహ్నాలు, ఎన్ని గిన్నెల కూర, ఎన్నిసార్లు డబ్బా మూత తీసి పెట్టాడో. "స్కూటరు వానలయ్యాక అమ్మాను" అన్నాడు. ఎవరితోనూ కాదు, ఊరికే. తర్వాత లేచాడు.

వెళ్ళి మేకు మీదున్న ఏప్రాన్ దులిపి కట్టుకున్నాడు. ప్లాస్టిక్ తెర తీసుకుని లోపలికి పోయాడు. కాసేపటికి పెద్ద మిషను శబ్దం వినిపించింది. ఆలస్యంగా వచ్చిన స్పీడు గుమ్మంలోనే ఆగి, "ఇదేంటి, నా ఉద్యోగం?" అన్నాడు. "టీ తాగు పో" అని లోపలి నుంచి గొంతు.

పిన్ని ఓనరు గారికీ చెప్పేసింది. ఆయన చాలాసేపు ప్రింటర్ వైపు చూసి, "ఇప్పుడు తవ్వడం ఎందుకమ్మా, షాపువాడికి మాత్రం చెప్పకు" అన్నాడు. పిన్ని మధ్యాహ్నమే షాపువాడికి ఫోన్ చేసి చెప్పింది, ఆ టైలరమ్మకి కూడా చెప్పమంది. అందుకు నాలుగు చీవాట్లు తింది. ఉద్యోగం ఊడలేదు. కానీ వచ్చినవాళ్ళకి ప్రింటర్‌ని చూపించడం ఓనరు గారు మానేశాడు.

సాన మావయ్య మిషను మీద మునుపటిలాగే పని చేస్తున్నాడు, జోకులు వేస్తున్నాడు, మనవరాలిని బడికి చేయి పట్టుకుని తీసుకెళ్తున్నాడు. నాతో బాగానే మాట్లాడతాడు. పిన్నితో కూడా మాట్లాడతాడు, ట్రే అయ్యిందమ్మా, చీటీ ఇవ్వమ్మా అని. అమ్మాయ్ అని మాత్రం పిలవడం లేదు. మధ్యాహ్నం భోజనం వెనక గదిలోనే కానిస్తున్నాడు. పిన్ని అలవాటుగా డబ్బా మూత తీసి, కూర గరిటె పైకెత్తి, ఎదురుగా గిన్నె లేదని గుర్తొచ్చి, మళ్ళీ దించేస్తుంది. నేను పక్కనే కూర్చుని అటు చూడనట్టు తింటాను.

నిన్న అడిగేశా. "ఆ ఒక్క మాట నిన్న అని చెబితే ఏం పోయేది పిన్నీ?"

చుక్క చుట్టూ పెట్టె కడుతోంది అప్పుడు. చెయ్యి ఆపింది. "నేను అబద్ధం ఆడనని నమ్మి కదే ఆయన నన్ను అడిగింది, బుర్ర పోతే చెప్పమని. బుర్ర పోలేదు అనే మాట కూడా ఆయన నమ్మాలి కదా. నేను దాంట్లో ఒకటి అబద్ధం కలిపితే, రేపు అదీ అబద్ధమేమో అనుకోడూ?"

నిజమే అనిపించింది. సాయంత్రం వచ్చేటప్పుడు వెనక గదిలో ఆయన ఒక్కడే, ఏప్రాన్ మడత పెడుతూ, పిన్ని వెళ్ళేదాకా బయటికి రాకుండా ఆగడం చూశా. అప్పుడు నిజం కాదనిపించింది. నాకు ఇంకా తేలడం లేదు.

సరే, మీరు చెప్పండి. ఆయన రెండు చీటీలూ బల్ల మీద పెట్టి, తడి కళ్ళతో మీ మొహంలోకి చూస్తూ, ఎప్పుడు తెలిసింది అమ్మాయ్ అని అడిగితే, వెనక నిలబడి నాలాంటి పిచ్చిది నిన్న అను, నిన్న అను అని పెదాలు కదుపుతుంటే, మీరైతే ఏమనేవారు?